"మోనో ప్యానెలే సార్" అంటే ఏం చెప్పినట్టు?

నరసరావుపేటలో ఉండే మా బాబాయి మొన్న వేసవిలో వాట్సాప్‌లో మూడు కొటేషన్లు పంపించాడు. మూడూ 3 కిలోవాట్ల సోలార్‌కే. ఒకటి 1,72,000 రూపాయలు, ఇంకోటి 1,98,000, మూడోది 2,35,000. మూడింట్లోనూ ప్యానెల్ అన్న చోట ఒకే మాట రాసుంది: మోనో. కింద బాబాయి మెసేజ్: "మూడూ మోనోయే కదరా, మరి అరవై వేలు తేడా ఎందుకు? తక్కువది తీసేసుకోమంటావా?"

పదేళ్ళ క్రితమైతే ఆ మాటకి బరువుండేది. అప్పట్లో మన దేశంలో పెట్టిన ప్యానెళ్ళలో ఎక్కువ భాగం నీలంగా మెరిసే పాలీ రకం. నల్లటి మోనో పెట్టించుకున్నారంటే నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టారని అర్థం. ఇప్పుడు కొత్తగా తయారయ్యే సిలికాన్ ప్యానెళ్ళు దాదాపు అన్నీ మోనోయే. కాబట్టి కొటేషన్ మీద మోనో అని రాయడం, బియ్యం బస్తా మీద "వరి" అని రాయడం లాంటిది. బీపీటీనా, స్వర్ణా, పాతవా, కొత్తవా అన్నది కదా ధర తేల్చేది!

బాబాయికి ఫోన్లో చెప్పాలంటే గంట పట్టింది. రాస్తే ఇంకాస్త కుదురుగా ఉంటుందని ఇది రాస్తున్నాను.

పటికబెల్లం, పాకం

సోలార్ సెల్ అంటే పల్చటి సిలికాన్ బిళ్ళ. ఎండ పడితే అందులో ఎలక్ట్రాన్లు కదులుతాయి. వాటిని దారిలో పోగొట్టుకోకుండా బయటికి తెచ్చుకోగలిగితే అదే కరెంటు. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో చేసిన మొదటి పనికొచ్చే సిలికాన్ సెల్, మీద పడిన ఎండలో 6 శాతాన్ని కరెంటుగా మార్చింది. ఈరోజు డాబా మీద పెట్టే మామూలు ప్యానెల్ 21, 22 శాతం మారుస్తోంది. ఒక్క సిలికాన్ పొరతో చేసే సెల్ సిద్ధాంతం ప్రకారం 29 శాతం చిల్లర దాటలేదు. అంటే ఈ దారిలో ముప్పావు వంతు ప్రయాణం అయిపోయినట్టే. "మా ప్యానెల్ 35 శాతం సార్" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

మోనోకీ పాలీకీ తేడా ఈ బిళ్ళ పుట్టుకలో ఉంది. ముడిసరుకు రెంటికీ ఒకటే, శుద్ధి చేసిన సిలికాన్ ముక్కలు. వాటిని 1414 డిగ్రీలు దాటించి కరిగిస్తారు. పాలీ చేసేవాళ్ళు ఆ కరిగినదాన్ని పెద్ద తొట్టిలో అలాగే నెమ్మదిగా చల్లారనిస్తారు. పాకం పళ్ళెంలో పోసి ఆరబెట్టినట్టు, ఎక్కడికక్కడ చిన్న చిన్న స్ఫటికాలు కట్టుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి. మోనో చేసేవాళ్ళు మాత్రం చిన్న స్ఫటికం ముక్కని ఆ ద్రవంలో ముంచి, తిప్పుతూ, చాలా నెమ్మదిగా పైకి లాగుతారు. పాకంలో దారం వేలాడదీస్తే దాని చుట్టూ పటికబెల్లం పెరుగుతుంది చూశారా, ఇంచుమించు అలాంటిదే. కాకపోతే పటికబెల్లంలో చాలా పలుకులుంటాయి, ఇక్కడ మనిషంత పొడుగు దుంగ మొత్తం ఒకే స్ఫటికం. పోలండ్ శాస్త్రవేత్త యాన్ చొక్రాల్‌స్కీ 1916లో కనిపెట్టిన పద్ధతి ఇది. అప్పటికి సిలికాన్ సోలార్ సెల్ ఇంకా పుట్టనే లేదు.

ఒకే స్ఫటికమైతే ఏంటి లాభం? పాలీలో స్ఫటికాలు అతుక్కున్న ప్రతిచోటా సందులుంటాయి. కదిలే ఎలక్ట్రాన్లు కొన్ని ఆ సందుల్లో చిక్కుకుని అక్కడే వేడిగా ఖర్చైపోతాయి. మోనోలో ఆ సందులు లేవు. అందుకే పాలీ ప్యానెల్ 15 నుంచి 17 శాతం దగ్గర ఆగిపోతే మోనో 20 దాటింది. రంగు తేడా కూడా ఇక్కడిదే. మోనో బిళ్ళని క్షారంలో కడిగితే పైన కంటికి కనపడని పిరమిడ్లు ఏర్పడతాయి. వాటి మధ్య పడ్డ వెలుగు తప్పించుకోలేక లోపలికే పోతుంది, మనకి నల్లగా కనిపిస్తుంది.

మరి ఇంత మంచిది ముందే ఎందుకు రాలేదు? ఖరీదు. దుంగ లాగడానికి టైమూ కరెంటూ ఎక్కువ, దాన్ని బిళ్ళలుగా కోసేటప్పుడు పొట్టు కింద పోయే సిలికాన్ ఎక్కువ. 2008లో శుద్ధి చేసిన సిలికాన్ ధర ఒక దశలో కిలో 400 డాలర్లు దాటిందని గుర్తుంచుకుంటే, ఆ పొట్టు విలువ తెలుస్తుంది. ఈ కథని తిప్పింది ఒక తీగ. 2015 తర్వాత వజ్రపు పొడి అద్దిన సన్నటి తీగతో కోయడం ఊపందుకుంది. కోత సన్నబడింది, వేగం పెరిగింది, బిళ్ళ మందం 180 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) నుంచి 130 దాకా దిగింది. తమాషా ఏంటంటే, పాలీని అదే తీగతో కోస్తే పైభాగం మరీ నునుపుగా వచ్చి, అప్పటిదాకా వాడుతున్న యాసిడ్ కడుగుడు సరిగ్గా పట్టలేదు. మోనోకి ఆ బాధ లేదు. చైనా కంపెనీలు పెద్ద ఎత్తున మోనో దుంగల ఫ్యాక్టరీలు కట్టేశాయి. 2019 నాటికి ప్రపంచ మార్కెట్ మోనో చేతికి వచ్చేసింది. నాలుగైదేళ్ళలో పాలీ లైన్లు మూతపడ్డాయి. ఇప్పుడు ఎవరైనా పాలీ చౌకగా ఇస్తామంటే అది గోడౌన్‌లో మిగిలిపోయిన పాత సరుకా అని ఒకసారి అడగండి.

ఎఫిషియెన్సీ ఎక్కువైతే యూనిట్లు ఎక్కువ వస్తాయా?

ఎఫిషియెన్సీ అంటే మీద పడిన ఎండలో ఎంత శాతం కరెంటుగా మారుతుందన్నది. ఈ ప్రశ్న దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. అమ్మేవాళ్ళు కూడా ఆ పొరపాటుని సరిదిద్దరు.

3 కిలోవాట్ల పాలీ పెట్టినా, 3 కిలోవాట్ల మోనో పెట్టినా వచ్చే యూనిట్లు దాదాపు సమానం. ఎందుకంటే కిలోవాట్ అన్న కొలతలోనే ఎఫిషియెన్సీ కలిసిపోయి ఉంది. ఫ్యాక్టరీలో ప్రతి ప్యానెల్‌నీ ఒకే లెక్క ప్రకారం కొలుస్తారు: చదరపు మీటరుకి 1000 వాట్ల వెలుగు, సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు. ఆ పరీక్షలో 550 వాట్లు ఇస్తే దాని మీద 550 అని ముద్ర వేస్తారు. రకం ఏదైనా ముద్ర ఒకటే అయితే ఆ పరీక్షలో ఉత్పత్తి ఒకటే.

ఎఫిషియెన్సీ మిగిల్చేది జాగా. లెక్క వేద్దాం. ఇప్పుడు ఎక్కువగా దొరికే 550 వాట్ల మోనో ప్యానెల్ సుమారు 2.28 మీటర్ల పొడవు, 1.13 మీటర్ల వెడల్పు. రెండున్నర చదరపు మీటర్ల చిల్లర. అలాంటివి ఆరు పెడితే 3.3 కిలోవాట్లు, ప్యానెళ్ళు ఆక్రమించేది 170 చదరపు అడుగుల లోపే. అదే పాత 330 వాట్ల పాలీ అయితే పది కావాలి, 210 అడుగులు దాకా పోతుంది. మధ్యలో నడవడానికీ, నీడ పడకుండా ఎడం వదలడానికీ కలుపుకుంటే కిలోవాట్‌కి 100 అడుగులు అని మనవాళ్ళు చెప్పే మోటు లెక్క ఇప్పటికీ పనికొస్తుంది.

కాబట్టి హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ పైన మీ వాటాకి 150 అడుగులే వచ్చాయంటే ఒక్కో శాతం ఎఫిషియెన్సీకీ డబ్బు పెట్టొచ్చు. పల్లెటూళ్ళో 1200 అడుగుల డాబా ఖాళీగా ఉంటే 21కీ 22.5కీ మధ్య తేడాకి పది వేలు ఎక్కువ ఇవ్వడం జాగాకి అద్దె కట్టినట్టే, అదీ మీ సొంత జాగాకి.

ప్యానెళ్ళు తక్కువైతే ఇనుప స్టాండు, క్లాంపులు, కూలీ కూడా కొంత తగ్గుతాయి. పాలీని పూర్తిగా తరిమేసింది నిజానికి ఈ లెక్కే.

రోహిణి కార్తెలో ఏమవుతుంది

ఆ పరీక్షలో 25 డిగ్రీలన్నది గాలి ఉష్ణోగ్రత అనుకునేరు, సెల్ ఉష్ణోగ్రత అది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం గాలే 42, 43 ఉంటుంది. గాలి కంటే సెల్ ఇంకో 25 డిగ్రీలు పైనే ఉంటుంది. అంటే 67 దగ్గర. సిలికాన్‌కి వెలుగు ఇష్టం, వేడి గిట్టదు. 25 దాటిన ప్రతి డిగ్రీకీ కొంత శక్తి కోల్పోతుంది. ఆ కోత ఎంతో ప్రతి ప్యానెల్ డేటాషీట్‌లో రాసి ఉంటుంది.

పాలీకి డిగ్రీకి 0.40 శాతం. మామూలు మోనో పెర్క్‌కి 0.35 (పెర్క్, టాప్‌కాన్ మోనోలోనే రకాలు, వాటి సంగతి కింద చెప్తాను). కొత్తగా వస్తున్న టాప్‌కాన్‌కి 0.30 దరిదాపుల్లో. హెటెరోజంక్షన్ అనే ఖరీదైన రకానికి 0.25 దాకా. 42 డిగ్రీలు ఎక్కువైన ఆ మధ్యాహ్నం పాలీ 17 శాతం దాకా నష్టపోతే, పెర్క్ 15 దగ్గర, టాప్‌కాన్ పన్నెండున్నర దగ్గర ఆగుతాయి. 550 ముద్ర ఉన్న పెర్క్ ప్యానెల్ నడినెత్తి ఎండలో 470 చూపిస్తే అది మోసం కాదు, భౌతికశాస్త్రం.

మోనో వేడిని తట్టుకుంటుందని చెప్పేది నిజమే గానీ, పాలీ మీద ఆ గెలుపు రెండు శాతమే. జర్మనీలో ఇది ఎవరికీ పట్టదు, పల్నాడులో కొంచెం పట్టాలి. దానికంటే ముఖ్యం, ప్యానెల్ కింద గాలి ఆడుతోందా లేదా. రేకుల షెడ్డుకి అతుక్కునేలా బిగిస్తే ఎంత మంచి సెల్ అయినా ఉడికిపోతుంది. ఒకటిన్నర అడుగు ఎత్తున్న స్టాండు ఇచ్చే చల్లదనం, డేటాషీట్‌లో 0.05 తేడా ఇచ్చేదానికి తీసిపోదు.

మబ్బు రోజుల గురించి కూడా ఒక మాట. మోనో మబ్బులోనూ బాగా లాగుతుందని బ్రోచర్లు ఊదరగొడతాయి. తేడా ఉంది, కానీ చిన్నది. శ్రావణ మాసంలో దట్టంగా ముసురు పట్టిన రోజు ఏ ప్యానెలైనా సగానికి ఎంతో కిందికి పడిపోతుంది. ఏడాది మొత్తం సగటు తీస్తే మన రెండు రాష్ట్రాల్లో కిలోవాట్‌కి రోజుకి 4 యూనిట్లు. ఎండాకాలం మిగులు వానాకాలం లోటుని పూడుస్తుంది.

పెర్క్, టాప్‌కాన్: అసలు అడగాల్సిన పేర్లు

బస్తా మీద వెతుక్కోవాల్సిన బీపీటీ, స్వర్ణ ఇవే. రెండూ మోనోయే.

పాత సెల్‌కి వెనకవైపు మొత్తం అల్యూమినియం పూత ఉండేది. అక్కడిదాకా వచ్చిన ఎలక్ట్రాన్లు, వెలుగు కొంత అక్కడే వృథా అయ్యేవి. పెర్క్‌లో వెనకాల ఒక రక్షణ పొర వేసి, లేజర్‌తో చిన్న చిన్న కన్నాలు పెట్టి అక్కడ మాత్రమే లోహాన్ని తగలనిచ్చారు. సెల్ దాటిపోబోయిన వెలుగు అద్దంలోంచి తిరిగొచ్చినట్టు మళ్ళీ లోపలికి వస్తుంది. ఆస్ట్రేలియాలో మార్టిన్ గ్రీన్ బృందం 1980లలోనే ఇది చూపించింది. ఫ్యాక్టరీకి ఎక్కడానికి పాతికేళ్ళ పైన పట్టింది.

టాప్‌కాన్‌లో సిలికాన్ జాతే వేరు. పెర్క్‌లో బోరాన్ కలిపిన పీ-టైప్ వాడేవారు. బోరాన్ లోపలున్న ఆక్సిజన్‌తో కలిసి, ఎండ తగిలిన మొదటి రోజుల్లోనే ప్యానెల్‌ని ఒకటి రెండు శాతం దెబ్బతీసేది. బోరాన్ బదులు గాలియం కలపడం మొదలెట్టాక అది చాలావరకు పోయింది. టాప్‌కాన్ ఫాస్ఫరస్ కలిపిన ఎన్-టైప్. ఈ జబ్బు దానికి పుట్టుకతోనే లేదు. పైగా వెనకాల ఒకటి రెండు నానోమీటర్ల ఆక్సైడ్ పొర మీదుగా కరెంటు తీస్తారు కాబట్టి లోహం సిలికాన్‌ని నేరుగా ముట్టుకోదు.

గ్యారంటీ కాగితంలో ఇది కనిపిస్తుంది. పెర్క్‌కి మామూలుగా మొదటి ఏడాది 2 శాతం, తర్వాత ఏటా 0.55 శాతం తరుగుదల రాస్తారు. 25 ఏళ్ళ చివర మిగిలేది 84.8 శాతం. టాప్‌కాన్‌కి మొదటి ఏడాది 1, తర్వాత 0.4. 30 ఏళ్ళకి 87.4. తరుగుదల, వేడి రెండూ కలిపి నా లెక్కలో టాప్‌కాన్ పాతికేళ్ళ సగటున నాలుగు శాతం ఎక్కువ యూనిట్లు ఇవ్వాలి. 3 కిలోవాట్లకి అది ఏడాదికి 160 యూనిట్ల చొప్పున, డబ్బులో వెయ్యి రూపాయల పైచిలుకు. కాబట్టి టాప్‌కాన్ కోసం మొత్తం మీద పది వేలు ఎక్కువ అడిగితే సరేననుకోవచ్చు. ముప్ఫై వేలు అడిగితే వద్దు. టాప్‌కాన్ మార్కెట్లోకి వచ్చి ఇంకా పట్టుమని పదేళ్ళు కాలేదు. తేమకి, అతినీలలోహిత కిరణాలకి కొన్ని రకాలు అనుకున్నదానికంటే త్వరగా నీరసపడ్డాయని ల్యాబ్ పరీక్షల్లో బయటపడింది కూడా. కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో అయితే వెనకవైపు ప్లాస్టిక్ షీటు కాకుండా రెండువైపులా గాజు ఉన్నది అడగండి. బరువెక్కువ ఉంటుంది, ఉండనీయండి.

ముప్ఫై ఏళ్ళ గ్యారంటీ అని పెద్దక్షరాల్లో వేసేది ఉత్పత్తి తరుగుదల గురించి. ప్యానెల్‌లోనే లోపముంటే మార్చి ఇచ్చే వారంటీ వేరు, చాలామంది దాన్ని 12 ఏళ్ళే ఇస్తారు. రెండూ ఒకటి కాదు.

చైనాలో పది సెంట్లు, మనకి పాతిక రూపాయలు

1970లలో సోలార్ ప్యానెల్ వాట్‌కి ఇప్పటి డబ్బుల్లో వంద డాలర్ల స్థాయి. 2024లో చైనా ఫ్యాక్టరీ గుమ్మం దగ్గర పది సెంట్లు, అంటే ఎనిమిది, తొమ్మిది రూపాయలు. మరి నరసరావుపేటలో ఎందుకంత లేదు?

2022 ఏప్రిల్ నుంచి మన ప్రభుత్వం దిగుమతి ప్యానెళ్ళ మీద 40 శాతం, సెల్స్ మీద 25 శాతం సుంకం వేసింది. తర్వాత లెక్కలు కొంచెం మారినా గోడ అలాగే ఉంది. దాంతోపాటు ఆమోదించిన తయారీదారుల జాబితా ఒకటి ఉంది, ఏఎల్‌ఎంఎం అంటారు. నెట్ మీటరింగ్‌కి, అంటే మీ మిగులు కరెంటుని లైనుకి ఇచ్చి బిల్లులో తగ్గించుకునే ఏర్పాటుకి, అందులో లేని ప్యానెల్ పనికిరాదు. ఇదంతా ఇక్కడ ఫ్యాక్టరీలు పెరగాలని. పెరిగాయి కూడా, హైదరాబాద్ శివార్లలో ఫ్యాబ్ సిటీలో ప్రీమియర్ ఎనర్జీస్ ప్యానెళ్ళతో పాటు సెల్స్ కూడా చేస్తోంది. అయితే దేశం మొత్తం మీద ప్యానెల్ బిగించే ఫ్యాక్టరీలు చాలా, సెల్ చేసేవి కొన్నే, సిలికాన్ దుంగ లాగేవి వేళ్ళమీద లెక్కపెట్టేన్ని.

ఇక్కడే కొటేషన్ల అసలు రహస్యం ఉంది: డీసీఆర్. సెల్, ప్యానెల్ రెండూ ఇండియాలోనే చేసినవైతే డీసీఆర్ అంటారు. బయటి సెల్స్ తెచ్చి ఇక్కడ ప్యానెల్‌గా బిగిస్తే నాన్-డీసీఆర్. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, రెండూ మోనోయే, చాలాసార్లు రెంటి మీదా ఒకే కంపెనీ పేరు. నేను చూసిన కొటేషన్లలో నాన్-డీసీఆర్ వాట్‌కి 15 రూపాయల దగ్గర, డీసీఆర్ 24, 25 దగ్గర ఉన్నాయి. ఇళ్ళ మీద సోలార్‌కి కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ డీసీఆర్‌కే వస్తుంది.

ఆ సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకి ఒక్కోదానికీ 30,000, మూడోదానికి 18,000. మొత్తం 78,000, ఆపైన ఎన్ని కిలోవాట్లు పెట్టినా అంతే. ఇప్పుడు లెక్క చూడండి. 3 కిలోవాట్లకి డీసీఆర్ వల్ల ఎక్కువయ్యేది 30,000 లోపు, చేతికొచ్చేది 78,000. ఆలోచించే పనే లేదు. అదే పది కిలోవాట్లు పెట్టే పెద్దింటికి డీసీఆర్ భారం 90,000 నుంచి లక్ష, సబ్సిడీ మాత్రం అదే 78,000. ఎనిమిది కిలోవాట్లు దాటాక సబ్సిడీ వదులుకోవడమే లాభంగా కనిపిస్తుంది! సెల్స్‌కి కూడా ఆమోదిత జాబితాని 2026 జూన్ నుంచి వర్తింపజేయాలన్నది కేంద్రం నిర్ణయం, కాబట్టి ఈ రెండు ధరల మధ్య సందు ఎప్పటికీ ఇంతే ఉంటుందనుకోవద్దు.

ఇంకో సంగతి, 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. అంతకు ముందటి కొటేషన్ పట్టుకుని ఉంటే మళ్ళీ అడగండి.

ప్యానెళ్ళ ధర మామూలుగా మొత్తం బిల్లులో సగం కూడా ఉండదు. మిగతాది ఇన్వర్టరు, స్టాండు, తీగలు, ఎర్తింగు, నెట్ మీటరు, కూలీ, వెండరు లాభం. చౌక కొటేషన్లలో కోత పడేది ఎక్కువగా స్టాండు మీదే. 2014లో హుద్‌హుద్ చూసిన విశాఖ వాళ్ళకి పల్చటి ఇనుము గురించి నేను చెప్పక్కర్లేదు.

మీ శ్లాబు ఎక్కడుందో అక్కడే లాభం

ఎంత ఖర్చు అన్నది సగం ప్రశ్న. ఒక్కో యూనిట్ మీకు ఎంత మిగులుస్తుందన్నది మిగతా సగం. దానికి ప్యానెల్‌తో సంబంధం లేదు, కరెంటు బిల్లుతో ఉంది. కింద చెప్పేవన్నీ 2025-26 టారిఫ్‌లో ఎనర్జీ ఛార్జీలు మాత్రమే. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సర్దుబాట్లు వేరు.

ఆంధ్రలో నెలకి 400 యూనిట్లు వాడే ఇంటికి 30 వరకు 1.90, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75 చొప్పున 2,548 రూపాయలు అవుతుంది. 3 కిలోవాట్లు పెడితే నెలకి సగటున 360 యూనిట్లు వచ్చి బిల్లులో 40 మిగులుతాయి, వాటికి 87 రూపాయలు. నెలకి 2,460 ఆదా. సబ్సిడీ పోను లక్షా ఇరవై వేలు పెట్టారనుకుంటే నాలుగేళ్ళలో తిరిగొచ్చేస్తుంది. 200 యూనిట్లే వాడే ఇంటికి మొత్తం బిల్లే 867. 2 కిలోవాట్లకి 70,000 పెడితే ఏడేళ్ళ దాకా పడుతుంది. ప్యానెల్ అదే, ఎండ అదే. సోలార్ యూనిట్ ముందుగా మీ పై శ్లాబుని కోస్తుంది, ఆ శ్లాబే లేకపోతే కోయడానికి ఏముంది?

తెలంగాణలో ఈ తమాషా ఇంకా ఎక్కువ. అక్కడ 200 యూనిట్ల దగ్గర ఒక గోడ ఉంది. సరిగ్గా 200 వాడితే 820 రూపాయలు. 201 వాడితే మొదటి 200కీ 5.10 చొప్పున పడి 1,027 దాటుతుంది. ఒక్క యూనిట్‌కి రెండొందలు! అందుకే 300 వాడే ఇంట్లో ఒక్క కిలోవాట్ పెడితే చాలు: 1,790 బిల్లు 724కి దిగుతుంది. వచ్చింది 120 యూనిట్లే, ఒక్కోటీ దాదాపు 9 రూపాయలు మిగిల్చింది. సబ్సిడీ పోను నలభై వేల ఖర్చు మూడేళ్ళ పైచిలుకులో వచ్చేస్తుంది. వెండర్లు మాత్రం ఒక కిలోవాట్ పని ఇష్టంగా చేయరు, వాళ్ళకి తిరుగుడు అంతే, లాభం తక్కువ. గృహజ్యోతి కింద 200 లోపు ఉచితంగా వస్తున్న ఇంటికైతే సోలార్ ఎందుకో నాకూ తెలియదు.

నీడ, బోరు నీళ్ళు, బూటుకాళ్ళు

ప్యానెల్‌లో సెల్స్ వరసగా గుచ్చిన పూసల్లా ఉంటాయి. కరెంటు అన్నిటి గుండా పోవాలి. ఒక్క సెల్ మీద నీడ పడితే పంట కాలువలో ఒకచోట చెత్త అడ్డం పడ్డట్టే, వెనకాల ఎన్ని నీళ్ళున్నా కిందికి పోయేది ఆ సందులోంచి పోయినన్నే. దీనికోసం ప్యానెల్‌కి మూడు బైపాస్ డయోడ్లు పెడతారు, నీడ పడ్డ మూడో వంతుని వదిలేసి కరెంటు పక్కదారి పడుతుంది. ఇప్పటి హాఫ్-కట్ ప్యానెళ్ళలో పై సగం, కింది సగం విడివిడిగా పనిచేస్తాయి కాబట్టి నష్టం ఇంకాస్త తగ్గింది. అయినా సరే, నీళ్ళ ట్యాంకు నీడలో టాప్‌కాన్ పెట్టడం కంటే నీడ లేనిచోట మామూలు పెర్క్ మేలు.

దుమ్ము అందరూ తుడుస్తారు. బోరు నీళ్ళతో తుడిచి అలాగే ఎండబెడితే గాజు మీద తెల్లటి ఉప్పు చారలు కడతాయి, అవి ఒకపట్టాన పోవు. మంచినీళ్ళతో, పొద్దున్నే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు కడగాలి. మిట్టమధ్యాహ్నం కాలుతున్న గాజు మీద చన్నీళ్ళు కొట్టకూడదు.

ఇక బిగించే కుర్రాళ్ళు ప్యానెళ్ళ మీద ఎక్కి నడుస్తుంటే ఊరుకోకండి. ఆ గాజు కింద ఉన్నది 130 మైక్రాన్ల బిళ్ళ, మన తలవెంట్రుక కంటే కొంచెం మందం, అంతే. గాజు పగలదు, లోపల మాత్రం కంటికి కనపడని చీలికలు వస్తాయి. రెండేళ్ళ తర్వాత ఉత్పత్తి పడిపోయినప్పుడు ఎవరూ ఒప్పుకోరు. కోతుల గురించి అడుగుతారని తెలుసు. ప్యానెల్ మీద కూర్చుంటే పరవాలేదు, కింద తీగలు పీకితేనే తలనొప్పి. తీగలన్నీ పైపుల్లో వేయించండి.

మూడు కొటేషన్లకి తిరిగొస్తే

బాబాయి చేత ముగ్గురికీ ఫోన్ చేయించి ప్యానెల్ మోడల్ నంబర్లు అడిగించాం. 1,72,000 ది నాన్-డీసీఆర్ పెర్క్. దానికి సబ్సిడీ రాదు, ఆ మాట కొటేషన్‌లో ఎక్కడా లేదు. అంటే మూడింట్లో అదే ఖరీదైనది. 1,98,000 ది డీసీఆర్ పెర్క్, సబ్సిడీ పోతే 1,20,000. మూడోది డీసీఆర్ టాప్‌కాన్, కింద మంచం వేసుకుని పడుకునేంత ఎత్తు స్టాండుతో. టాప్‌కాన్‌కి పన్నెండు వేలు, మిగతా పాతిక వేలూ ఆ ఇనుముకి.

అప్పుడు గానీ కరెంటు బిల్లు చూడాలని తట్టలేదు మాకు. ఏడాది సగటు 260 యూనిట్లు. 1,323 రూపాయల బిల్లుని 2 కిలోవాట్లే 38 రూపాయలకి దించేస్తాయి. మూడో కిలోవాట్‌తో వచ్చే మిగులు యూనిట్లకి డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఇచ్చేది బాబాయి కొనే పై శ్లాబు ధర కంటే చాలా తక్కువ. ముగ్గురు వెండర్లలో ఒక్కరూ 2 చాలని చెప్పలేదు. ఏసీ కొనే ఆలోచన ఉందా అని అడిగితే, "మీ పిన్నికి ఏసీ పడదురా" అన్నాడు.

ఇప్పుడు 2 కిలోవాట్లకి డీసీఆర్, నాలుగు ప్యానెళ్ళు, మోడల్ నంబరుతో సహా కొత్త కొటేషన్ వచ్చింది. సబ్సిడీ పోను 74,000. పెట్టే జాగా కూడా చూశారు, దక్షిణం వైపు. అక్కడ మధ్యాహ్నం మూడు తర్వాత కొబ్బరిచెట్టు నీడ రెండు ప్యానెళ్ళ మీదికి వస్తుంది. చెట్టు కొట్టడానికి పిన్ని ఒప్పుకోవట్లేదు, ప్యానెళ్ళు పడమటికి జరిపితే ట్యాంకు అడ్డం. బాబాయి రోజూ మూడింటికి డాబా ఎక్కి నీడ ఎక్కడిదాకా వచ్చిందో సుద్దముక్కతో గీత గీస్తున్నాడు.